సొంత పేరు రాసుకున్న ఊళ్లు

అమెరికానుంచి విజయవాడ చేరి వారం దాటింది. నిద్ర ఇంకా దారికి రాలేదు. తెల్లవారుజామున రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. కాఫీ కలుపుకుని, చూసినవి మరుగున పడకముందే రాసిపెట్టుకుంటున్నాను.

మా అమ్మాయికి ఈ మార్చిలో అమెరికా పౌరసత్వం వచ్చింది. నవంబరులో తొలి ఓటు. నేను న్యూజెర్సీలో దాని దగ్గర ఉన్న రోజుల్లో ఒక రాత్రి, "ఆ ఓటు ఎవరి కష్టార్జితమో చూసి వద్దాం, వస్తావా అమ్మా?" అని అడిగింది. నేను ముప్ఫై ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూలులో సాంఘిక శాస్త్రం చెప్పాను. బానిసత్వం పోవడం అంటే లింకన్, స్త్రీలకు ఓటు అంటే 1920 అనే తేదీ. అంతకుమించి పిల్లలకు చెప్పిన గుర్తు లేదు. ఆ బాకీ కొంతైనా తీర్చుకోవాలనిపించింది. అల్లుడు పిల్లవాణ్ణి చూసుకుంటానన్నాడు. స్టీలు డబ్బాలో పులిహోర, ఇంకో డబ్బాలో చేగోడీలు పెట్టుకుని తల్లీకూతుళ్లం బయలుదేరాం.

జూన్ 13, గురువారం: పోర్ట్ ఎవెన్, కింగ్‌స్టన్

హడ్సన్ నది పక్కన పోర్ట్ ఎవెన్ చిన్న ఊరు. పెద్ద రోడ్డులోకి ఒక వీధి వచ్చి కలిసేచోట ఒక ఆడపిల్ల కంచు విగ్రహం ఉంది. మేము రెండుసార్లు దాన్ని దాటి వెళ్లిపోయాం. మహానుభావుల విగ్రహం అంటే ఎత్తయిన దిమ్మె, చుట్టూ కంచె ఉంటాయని వాటికోసం వెతుకుతున్నాం మరి. అక్కడున్నది పదకొండేళ్ల పిల్ల. కాళ్లకు చెప్పులు లేవు. రెండు చేతులా బరువైన కూజాలు. వెనక్కి వెళ్లి చూస్తే వీపు మీద దెబ్బల చారలు.

ఆ పిల్ల పేరు ఇసబెల్లా. న్యూయార్క్ రాష్ట్రంలో, డచ్చి భాష మాట్లాడే ఇంట్లో బానిసగా పుట్టింది. తొమ్మిదేళ్లప్పుడు గొర్రెల మందతో కలిపి 100 డాలర్లకు వేలం వేశారు. కొన్నవాళ్లది ఇంగ్లీషు. ఈ పిల్లకు వచ్చింది డచ్చి. చెప్పిన పని అర్థం కాలేదని కొట్టారు. తర్వాత ఈ ఊరి పూటకూళ్ల యజమాని 105 డాలర్లకు కొన్నాడు. ఆ తర్వాతివాడు 175 ఇచ్చాడు. సంతలో దూడ ఎదుగుతున్నకొద్దీ ధర పెరిగినట్టు పెరిగింది. బానిసత్వం అంటే దక్షిణాది పత్తి చేలు మాత్రమే అనుకుని బడిలో పాఠం చెప్పినదాన్ని. న్యూయార్క్‌లోనూ 1827 జులై 4 దాకా చట్టబద్ధంగా సాగిందని ఆ పిల్ల ఎదుట నిలబడ్డాకే మనసుకు పట్టింది.

ముందే వదిలేస్తానని మాట ఇచ్చిన యజమాని మాట తప్పాడు. 1826లో ఒక వేకువన ఆమె చంటిపిల్లను ఎత్తుకుని నడిచి వచ్చేసింది. వాన్ వాగెనెన్ అనే దంపతులు చేరదీసి, మిగిలిన కాలానికి యజమానికి 20 డాలర్లు కట్టారు. అంతలో ఆమె అయిదేళ్ల కొడుకు పీటర్‌ను చట్టానికి విరుద్ధంగా అలబామాకు అమ్మేశారని తెలిసింది. చదువు రాదు, డబ్బు లేదు. అయినా కింగ్‌స్టన్ న్యాయస్థానానికి వెళ్లింది. 1828లో కొడుకు తిరిగి వచ్చాడు. ఒళ్లంతా దెబ్బల మచ్చలతో వచ్చాడు.

ఆ న్యాయస్థానం రాతి భవనం ఇప్పటికీ కింగ్‌స్టన్ వాల్ వీధిలో ఉంది. ఎదురుగా బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. కుక్కను తిప్పుకుంటున్న పెద్దాయన ఆగి, మా డబ్బా వైపు చూసి, ఆ పసుపు రంగు దేనిదని అడిగారు. పసుపుదే అని చెప్పి, ఒక గరిటెడు కాగితం పళ్లెంలో పెట్టి ఇచ్చాను. ఆయన నిలబడే తిని, వేరుశనగపప్పు ఒక్కటి కూడా మిగల్చకుండా ఏరుకుని, "నేను ఈ వీధిలో నలభై ఏళ్లుగా నడుస్తున్నాను. ఆ గోడ మీది పలక పోయిన ఏడాదే చదివాను" అన్నారు. నిజం చెప్పే మనిషి అనిపించింది. పోతూ పోతూ మంచి డోనట్లు దొరికే తోట దుకాణం దారి చెప్పారు. యాపిల్ రసం కలిపిన పిండితో చేసే డోనట్లు, ఒక్కొక్కటి డాలరున్నర. వేడిగా ఉన్నప్పుడు మన పాకం గారెల్లా పైన కరకర, లోపల మెత్తన.

1843లో ఇసబెల్లా తన పేరు తానే మార్చుకుంది. సోజర్నర్ ట్రూత్. ఒకచోట నిలవకుండా మజిలీలు చేసే మనిషి అని మొదటి మాటకు అర్థం, సత్యం అని రెండోదానికి. బానిసత్వం మీద, స్త్రీల హక్కుల మీద ఊరూరా మాట్లాడింది. 1851లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో ఆమె చేసిన ప్రసంగం జగత్ప్రసిద్ధం. అయితే ఇప్పుడు అందరూ అప్పజెప్పే పాఠం పన్నెండేళ్ల తర్వాత మరొకామె రాసి అచ్చు వేయించినది. అందులోని యాస దక్షిణాది బానిసలది, డచ్చి తల్లిభాషగా పెరిగిన ఈమెది కాదు. ఒళ్లు తనది కాని రోజులు దాటి వచ్చినా, మాట మాత్రం తన గొంతుతో మనదాకా రాలేదు. పేరొక్కటి ఆమె పెట్టుకున్నది పెట్టుకున్నట్టే నిలిచింది.

జూన్ 14, శుక్రవారం: ఆబర్న్

ఆబర్న్‌లో మొదట శ్మశానానికి వెళ్దామన్నది నా మాట. ఫోనులో దారి చెప్పే గొంతు మమ్మల్ని ఫోర్ట్ హిల్ శ్మశానం లోపలికి తీసుకువెళ్లి, కొండ మీద చెట్ల మధ్య వదిలేసింది. బానిసత్వంనుంచి పారిపోయి వచ్చి ఎందరినో విడిపించిన హేరియట్ టబ్‌మన్ సమాధి కోసం ఎక్కితే ఒక మట్టి దిబ్బ మీద పొడవైన రాతి స్తంభం కనిపించింది. అది స్థానిక తెగల నాయకుడు లోగన్‌ది. తన వాళ్లందరినీ తెల్లవాళ్లు చంపేశాక ఆయన అన్నట్టు చెప్పే మాట దాని మీద చెక్కారు: లోగన్ కోసం ఏడ్చేవారు ఎవరున్నారు? దారి తప్పి వచ్చిన చోట అది చదివి చాలాసేపు కదలలేకపోయాం. ఈ నేల కయూగా తెగవారిది. వారి తెగల కూటమిలో నాయకుణ్ణి ఎంచేదీ, సరిగా లేకపోతే దించేదీ వంశమాతలే. తెల్ల స్త్రీలు ఓటు అడగడానికి ఎంతో ముందునుంచీ ఈ మట్టి మీద స్త్రీల మాటకు అంత చెల్లుబాటు ఉంది.

చివరికి గడ్డి కోసే అబ్బాయి యంత్రం ఆపి, మాతోపాటు నడిచి వచ్చి చూపించాడు. పెద్ద చెట్టు కింద మామూలు రాయి. హేరియట్ టబ్‌మన్ డేవిస్. రాయి మీద నాణాలు, గులకరాళ్లు, ఎవరో పిల్లలు గీసిన బొమ్మ ఒకటి. మా అమ్మాయి చేతిసంచిలో వెతికి ఒక రూపాయి బిళ్ల తీసి పెట్టింది. దాని దగ్గర మన నాణెం ఉందని నాకు తెలియదు.

ఆమె ఇల్లు ఊరి చివర సౌత్ స్ట్రీట్‌లో ఉంది. చూపించే పెద్దావిడ నల్లజాతి స్త్రీ. తెల్లని చొక్కా, మెడలో కళ్లద్దాల గొలుసు. మాతో కలిపి పదకొండు మందిమి. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరినీ పేరు అడిగారు. నా పేరు మూడుసార్లు పలికించుకుని, నాలుగోసారి తప్పులేకుండా తానే పలికారు. "ఇక్కడ పేరు తప్పు పలకం" అన్నారు.

టబ్‌మన్ పుట్టినప్పటి పేరు అరమింటా రాస్. మేరీలాండ్‌లో 1822 ప్రాంతంలో పుట్టింది. చిన్నపిల్లగా ఉన్నప్పుడే, పారిపోతున్న వేరొకరి మీదికి కావలివాడు విసిరిన ఇనుప తూనికరాయి తలకు తగిలింది. అప్పటినుంచి ఉన్నట్టుండి నిద్ర ముంచుకొచ్చేది. జీవితాంతం అదే బాధ. 1849లో పారిపోయింది. పేరు మార్చుకుని తన తల్లి పేరు హేరియట్ పెట్టుకుంది. మనం నాయనమ్మ పేరు మనవరాలికి పెట్టుకుంటాం. ఈమె తల్లి పేరును తానే మోసుకుని చీకట్లో ఉత్తరానికి నడిచింది. తర్వాత దాదాపు పదమూడుసార్లు వెనక్కి వెళ్లి డెబ్బై మందిదాకా తీసుకొచ్చింది. ఆ రహస్య మార్గాన్ని అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్ అనేవారు గానీ అందులో పట్టాలూ లేవు, సొరంగాలూ లేవు. తలుపు తట్టితే తీసే ఇళ్లు, వాటి మధ్య కాలినడక, అంతే.

1859లో సెనెటర్ విలియం సీవర్డ్ ఇక్కడి ఏడెకరాల చోటు ఆమెకు 1,200 డాలర్లకు అమ్మాడు. వాయిదాల మీద. చట్టం దృష్టిలో ఆమె అప్పటికింకా పారిపోయిన సొత్తు. పట్టిస్తే బహుమానం, ఆశ్రయమిస్తే శిక్ష. అటువంటి మనిషితో దేశానికి చట్టాలు చేసే ఒక సెనెటర్ భూమి బేరం కుదుర్చుకున్నాడు. ముసలి తల్లిదండ్రులను కెనడానుంచి ఇక్కడికి తెచ్చుకుంది. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధంలో గూఢచారిగా, నర్సుగా పనిచేసింది. 1863 జూన్‌లో దక్షిణ కరోలినాలో కంబాహీ నది మీద పడవల దాడికి దారి చూపి ఒక్క రాత్రిలో ఏడు వందల మందికి పైగా విడిపించింది. అంత చేసినా పింఛను కోసం ముప్ఫై ఏళ్లు కాళ్లరిగేలా తిరగాల్సివచ్చింది. చివరికి 1899లో వచ్చింది నెలకు 20 డాలర్లు. అందులో 8 డాలర్లు సైనికుడి విధవగా, మిగతాది నర్సు పనికి. గూఢచారి పని లెక్కలోకే రాలేదు. ఇది వింటున్నప్పుడు పెద్దావిడ గొంతు మారలేదు. నాకే ఆగలేదు.

ఆ కొద్ది డబ్బుతోనే పందులు పెంచి, కూరగాయలు పండించి, దిక్కులేని ముసలివాళ్లకు ఆశ్రమం పెట్టింది. స్త్రీల ఓటు సభలకు వెళ్లి మాట్లాడేది. 1913 మార్చి 10న ఆ ఆశ్రమంలోనే పోయింది. న్యూయార్క్ స్త్రీలకు ఓటు వచ్చింది 1917లో.

శుక్రవారం రాత్రి ఈ ప్రాంతంలో ఊరంతా వేయించిన చేప తింటారు. పళ్లెం దాటి రెండు పక్కలా వేలాడే చేప ముక్క, క్యాబేజీ తరుగు, ఉప్పు నీళ్లలో ఉడికించిన చిట్టి బంగాళదుంపలు. పక్క ఊరు సిరక్యూస్ ఉప్పు కొఠార్లలో కూలీలు కాగుతున్న ఉప్పునీళ్లలోనే దుంపలు వేసుకుని తినేవారట. అదే వంటకం నిలబడింది. పళ్లెం 18 డాలర్లు, ఇద్దరికి ఒకటి సరిపోయింది. ఇంటినుంచి తెచ్చుకున్న కారప్పొడి పైన చల్లుకుంటే వడ్డించే అమ్మాయి తానూ కొంచెం చేతిలో వేయించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగినా బాగుందనే చెప్పింది. ఆ పిల్లకు మామూలుకన్నా మూడు డాలర్లు ఎక్కువ ఇచ్చి వచ్చాం.

జూన్ 15, శనివారం: వాటర్లూ, సెనెకా ఫాల్స్

దారిలో ఒక పొలం ముందు బల్ల, దాని మీద స్ట్రాబెర్రీ బుట్టలు, పక్కన మూతకు చీలిక పెట్టిన డబ్బా. మనిషి లేడు. బుట్ట 6 డాలర్లు అని రాసి ఉంది. అయిదు, ఒకటి నోట్లు వేసి తీసుకున్నాం. కాస్త దూరం పోయాక అమ్మాయి కారు ఆపి వెనక్కి చూసింది. మా తర్వాత వచ్చినవాళ్లు కూడా వేసే వెళ్లారు. ఇంత పుల్లగా, ఇంత తియ్యగా ఉన్న పండు నేను దుకాణంలో ఎప్పుడూ తినలేదు.

వాటర్లూలో రెండు ఇళ్లను బయటినుంచే చూశాం. జేన్ హంట్ ఇంట్లో 1848 జులై 9న అయిదుగురు స్త్రీలు టీకి కలిశారు. జేన్ హంట్, మేరీ ఆన్ మక్లింటాక్, లుక్రీషియా మాట్, ఆమె చెల్లెలు మార్తా రైట్, ఎలిజబెత్ కేడీ స్టాంటన్. స్టాంటన్ ఒక్కరు తప్ప మిగతావారు క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ కుటుంబాలవారు. అందరూ బానిసత్వానికి వ్యతిరేకులే. లుక్రీషియా మాట్ బానిసలు పండించిన చక్కెర ముట్టరు, బానిసలు తీసిన పత్తి కట్టరు. మన ఇళ్లలో సీమబట్ట మానేసి నూలు వడికిన పెద్దవాళ్ల వంటివారు. ఆ మధ్యాహ్నం టీలో ఏ చక్కెర వేసుకున్నారో గానీ, లేచేసరికి స్త్రీల హక్కుల కోసం సభ పెట్టాలని నిర్ణయం అయిపోయింది. పత్రికకు ప్రకటన కూడా రాసేశారు. పది రోజుల గడువు.

ఇది ఊరికే పుట్టిన కోపం కాదు. ఎనిమిదేళ్ల కిందట, 1840లో లండన్‌లో ప్రపంచ బానిసత్వ వ్యతిరేక మహాసభ జరిగింది. అమెరికానుంచి ప్రతినిధులుగా వెళ్లిన స్త్రీలను సభ్యులుగా కూర్చోనివ్వలేదు. పక్కన తెర అవతల కూర్చుని వినమన్నారు. పెద్ద నాయకుడు విలియం లాయిడ్ గారిసన్ ఆలస్యంగా వచ్చి, సంగతి తెలుసుకుని, తానూ వెళ్లి ఆడవాళ్ల పక్కనే కూర్చున్నాడు. కొత్తగా పెళ్లయిన స్టాంటన్‌కు లుక్రీషియా మాట్ పరిచయం అయింది అక్కడే. మనుషులందరూ సమానమని చెప్పే సభలో మీరు తెర వెనక ఉండండి అనిపించుకోవడం ఎలా ఉంటుందో మన ఊళ్లలో సంఘాల్లో పనిచేసిన ఆడవాళ్లకు నేను వివరించక్కర్లేదు.

సెనెకా ఫాల్స్‌లో సభ జరిగిన వెస్లియన్ చాపెల్ ఇటుకల ప్రార్థనా మందిరం. బానిసత్వాన్ని ఒప్పుకోని మెథడిస్టు క్రైస్తవులు 1843లో కట్టుకున్నారు. తర్వాత నాటకశాల అయింది, కార్ల షెడ్డు అయింది, బట్టలుతికే దుకాణమూ అయింది. ఇప్పుడు జాతీయ ఉద్యానం, ప్రవేశం ఉచితం. లోపల వరుస బల్లలు, బోసి గోడలు. పాత ఇటుకలు కొన్ని అలాగే ఉన్నాయి. జులై 19 ఉదయం జనం వచ్చేసరికి తలుపుకు తాళం వేసి ఉందట. స్టాంటన్ మేనల్లుణ్ణి కిటికీలోంచి లోపలికి దించి గడియ తీయించారు.

రెండు రోజుల్లో మూడు వందల మందిదాకా వచ్చారు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటన ఒరవడిలోనే స్టాంటన్ ఒక ప్రకటన రాసింది. పురుషులందరూ సమానులు అన్నచోట పురుషులూ స్త్రీలూ సమానులు అని చేర్చింది. పెళ్లయిన స్త్రీ చట్టం కళ్లకు చచ్చినదానితో సమానమని అందులో ఒక వాక్యం ఉంది. ఆస్తి ఆమెది కాదు, సంపాదన ఆమెది కాదు, విడిపోతే పిల్లలూ ఆమె పిల్లలు కారు. బానిస ఇంటి గోడలకు సున్నం కొట్టినట్టున్న బతుకు. బానిస బతుకుతో అది సమానమని నేను అనను. ఇసబెల్లా వీపు చూసి వచ్చాక అనలేను. కానీ యజమాని అనే మాటకు రెండుచోట్లా ఒకటే వ్యాకరణం.

తొమ్మిదో తీర్మానం ఓటు. అది అడిగితే నవ్వులపాలవుతామని లుక్రీషియా మాట్ కూడా భయపడింది. అప్పుడు లేచి ఓటు అడగాల్సిందేనని మాట్లాడినవాడు ఫ్రెడరిక్ డగ్లస్. బానిసగా పుట్టి, పారిపోయి వచ్చి, రాచెస్టర్‌లో ‘నార్త్ స్టార్’ పత్రిక నడుపుతున్న ముప్ఫై ఏళ్ల మనిషి. తీర్మానం స్వల్ప తేడాతో నెగ్గింది. ఆ సభకు నల్లజాతి స్త్రీ ఒక్కరైనా వచ్చిన దాఖలా లేదు. అదీ రాసుకోవాలి.

ప్రకటన మీద 68 మంది స్త్రీలు, 32 మంది పురుషులు సంతకాలు చేశారు. బయట పొడవాటి రాతి గోడ మీద ఆ వాక్యాలు, ఆ పేర్లు చెక్కి, పైనుంచి నీళ్లు జారేలా కట్టారు. పత్రికలు వెక్కిరించాక కొందరు పేర్లు వెనక్కి తీసుకున్నారు. వారిని తప్పుపట్టాలనిపించలేదు. ఊరంతా తెలిసిన చోట పేరు పెట్టడం చిన్న సంగతి కాదు. స్టాంటన్ అయితే భర్త పేరుతో తనను పిలిస్తే ఒప్పుకునేది కాదు. పుట్టింటి కేడీ, మెట్టినింటి స్టాంటన్ రెండూ ఉండాల్సిందే. సంతకాల అసలు కాగితం ఇంతవరకు దొరకలేదు. సభ వివరాలతో వచ్చిన చిన్న పుస్తకం ‘నార్త్ స్టార్’ అచ్చుశాలలో పడింది. బానిసత్వం తప్పించుకున్న మనిషి అచ్చుశాల ఆ సభను దాచిపెట్టింది.

ఆ గోడ దగ్గర నీళ్లలో వేలు పెట్టి పేర్లు తడుముతూ ఉంటే మా అమ్మమ్మ గుర్తుకొచ్చింది. 1952 తొలి ఎన్నికల ముందు దేశంలో దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాలవారు. పరాయి మనిషికి పేరు చెప్పకూడదని ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని రాయించుకున్నవారు. సొంత పేరు లేకుండా ఓటు లేదని దేశ ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టారు. మా అమ్మమ్మకూ అలాంటిదేదో జరిగిందని చిన్నప్పుడు విన్నాను. ఇంటికి వెళ్లాక పెద్దమ్మను అడగాలనుకున్నాను.

ఆ సాయంత్రం కాలువ గట్టున నడిచాం. తర్వాత స్టాంటన్‌తో కలిసి స్త్రీల ఓటు కోసం పోరాడిన సూజన్ ఆంథొనీని ఆమెకు, స్త్రీల పత్రిక నడిపిన అమీలియా బ్లూమర్ పరిచయం చేస్తున్న మూడు విగ్రహాలు నీటి పక్కన ఉన్నాయి. అది 1851. ఆంథొనీ 1848 సభకు రానేలేదు. పక్కన ఫోటో దిగుతున్న కుటుంబానికి మా అమ్మాయి ఆ సంగతి చెబితే వాళ్లు ఆశ్చర్యపోయారు. మా స్ట్రాబెర్రీలు చివరివి వాళ్ల పిల్లలకిచ్చాం.

జూన్ 16, ఆదివారం: రాచెస్టర్

మాడిసన్ స్ట్రీట్ 17వ నంబరు ఇల్లు సూజన్ బి. ఆంథొనీది. 1872 నవంబరు 5న ఆమె, మరో పద్నాలుగు మంది స్త్రీలు ఈ వార్డులో ఓటు వేశారు. రెండు వారాలకు అధికారి వచ్చి ముందు గదిలో అరెస్టు చేశాడు. మగవాణ్ణి ఎలా తీసుకుపోతారో నన్నూ అలాగే తీసుకుపొమ్మని ఆమె పట్టుబట్టింది. ఆమె నల్ల పట్టు గౌను, మొసలి తోలు సంచి చూశాం. నాకు సంచి నచ్చింది. సొంత డబ్బు, సొంత కాగితాలు, సొంత రైలు టిక్కెట్టు పట్టుకుని తిరిగిన మనిషి సంచి అది.

రెండిళ్ల అవతల చిన్న పార్కులో ఆంథొనీ, డగ్లస్ ఎదురెదురుగా కూర్చుని టీ తాగుతున్న కంచు శిల్పం ఉంది. లావోస్‌లో పుట్టి ఈ ఊరికి వచ్చిన పెప్సీ కెట్టవాంగ్ అనే శిల్పి చేశాడు. పిల్లలు డగ్లస్ ఒడిలోకి ఎక్కి దిగుతున్నారు. చూడముచ్చటగా ఉంది. కానీ వారి స్నేహం ఆ టీ అంత తియ్యగా ఎప్పుడూ లేదు.

అంతర్యుద్ధం అయ్యాక నల్లజాతి పురుషులకు ఓటు ఇచ్చే రాజ్యాంగ పదిహేనో సవరణ వచ్చింది. అందులో స్త్రీలు లేరు. స్టాంటన్, ఆంథొనీ దాన్ని వ్యతిరేకించారు. వ్యతిరేకించడం ఒక ఎత్తు. స్టాంటన్ నల్లవారిని, ఐరిష్, చైనా వలసవారిని కించపరుస్తూ రాసిన మాటలు ఇంకో ఎత్తు. చదువుకున్న తెల్ల స్త్రీని వదిలి వీళ్లకా ఓటు అన్నది. 1869 మే నెలలో సభలో డగ్లస్ లేచి, స్త్రీలను స్త్రీలైనందుకు ఇళ్లలోంచి ఈడ్చి దీపస్తంభాలకు ఉరితీస్తున్న రోజున మీకూ మా అంత తొందర ఉంటుందన్నాడు. నల్లజాతి స్త్రీకి అది జరగడం లేదా అని ఎవరో అడిగారు. జరుగుతోంది, స్త్రీ అయినందుకు కాదు, నల్లజాతిది అయినందుకు అన్నాడు. ఉద్యమం నిలువునా చీలింది. ఇరవై ఏళ్లకు గానీ అతకలేదు.

మా అమ్మాయి ఆ శిల్పం ముందు, "నాలాంటి దాన్నీ వద్దనేదే కదా అమ్మా ఆ స్టాంటన్" అంది. అవునన్నాను. నిన్న ఆమె రాసిన వాక్యాల గోడను తడిమిన చేతులే ఇవి. ఆ వాక్యాలు గొప్పవి, ఈ మాటలు నీచమైనవి. రెండూ ఆమెవే. ఒకటి చెప్పి ఇంకొకటి దాచి పిల్లలకు పాఠం చెప్పకూడదు.

మౌంట్ హోప్ శ్మశానంలో డగ్లస్, ఆంథొనీ ఇద్దరూ ఉన్నారు. 1895 మొదట్లో అట్లాంటాలో స్త్రీల ఓటు సభ పెట్టినప్పుడు, దక్షిణాది తెల్ల స్త్రీలు నొచ్చుకుంటారని డగ్లస్‌ను రావద్దంది ఆంథొనీ. సెనెకా ఫాల్స్‌లో ఓటు కోసం లేచి నిలబడిన మనిషిని! ఇది తప్పని నల్లజాతి పత్రికా రచయిత్రి ఐడా బి. వెల్స్ ఆంథొనీ ముఖం మీదే చెప్పింది. ఆ ఫిబ్రవరి 20న వాషింగ్టన్‌లో స్త్రీల సభకు డగ్లస్ వెళ్లాడు. వేదిక మీదికి ఆంథొనీ తోడు తీసుకెళ్లింది. ఇంటికి తిరిగి వచ్చి ఆ సాయంత్రమే కన్నుమూశాడు. బతుకంతా బానిసత్వం మీద కొట్లాడిన మనిషి చివరి రోజు గడిపింది ఆడవాళ్ల సభలో.

డగ్లస్ సమాధి పరిచిన రాతి పలక. ఆంథొనీది మోకాలెత్తు తెల్ల రాయి. ఎన్నికల రోజున జనం ‘ఓటు వేశాను’ అన్న స్టిక్కర్లు తెచ్చి అంటిస్తారు. రాయి పాడవుతోందని ఇప్పుడు పైన పారదర్శకమైన తొడుగు వేస్తున్నారు. ఆ వారం ఏవో చిన్న ఎన్నికలు మొదలైనట్టున్నాయి, తాజాగా రెండు స్టిక్కర్లు ఉన్నాయి. ఊళ్లో నది మీది వంతెనకు వీరిద్దరి పేర్లూ కలిపి పెట్టారు. జనం ముద్దుగా ‘ఫ్రెడ్డీ స్యూ’ అంటారు.

తండ్రుల దినం కావడంతో ఎక్కడ చూసినా జనం. వేయించిన దుంపలు, మాకరోనీ, పైన ఉల్లి, ఆవాల ముద్ద, కారం సాసు అన్నీ ఒకే పళ్లెంలో కుప్ప పోసి ఇచ్చే ఈ ఊరి వంటకం తిన్నాం. మాంసం బదులు చిక్కుడు గింజల వడ వేయించుకున్నాం. 15 డాలర్లు. విడివిడిగా ఏదీ గొప్పది కాదు, కలిపితే గిన్నె ఊడ్చేశాం.

జూన్ 17, సోమవారం: కెనన్‌డేగ్వా

ఈ తేదీ కోసమే ప్రయాణం ఇలా కుదుర్చుకున్నాం. 1873లో జూన్ 17, 18 తేదీల్లో ఆంథొనీ విచారణ జరిగింది ఇక్కడే. రాచెస్టర్ జిల్లా అంతా ఆమె తిరిగి ఉపన్యాసాలు ఇచ్చిందని, జూరీ ఆమె వైపు మొగ్గుతుందని భయపడి ఈ జిల్లాకు మార్చారు. ఆమె ఇక్కడా ఊరూరా తిరిగింది.

బంగారు రంగు గుమ్మటం ఉన్న పసుపు ఇటుకల భవనం. పై గదిలో పని జరుగుతోంది. ద్వారం దగ్గర రక్షక భటుడు మా సంచులు చూసి, ఎందుకు వచ్చారని అడిగి, ఆ తేదీ చెప్పగానే గడియారం కింద తగిలించిన కాలెండరు వైపు తిరిగి చూశాడు. నడవాలో కాసేపు నిలబడనిచ్చాడు.

న్యాయమూర్తి వార్డ్ హంట్ ముద్దాయిని సాక్ష్యం చెప్పనివ్వలేదు. స్త్రీ కాబట్టి ఆమె మాట చెల్లదన్నారు. జూరీ పన్నెండు మందిని నోరు విప్పనివ్వకుండా దోషి అని తానే రాయించాడు. చివర్లో, చెప్పుకునేది ఏమైనా ఉందా అని ఆనవాయితీగా అడిగాడు. అప్పుడు మొదలుపెట్టింది. కూర్చో, కూర్చో అని ఆయన అంటూనే ఉన్నాడు, ఆమె మాట్లాడుతూనే ఉంది. పారిపోయి వచ్చిన బానిసకు గుక్కెడు నీళ్లివ్వడం నేరమని చెప్పిన చట్టం ఉండేది, మనసున్న ప్రతివారూ దాన్ని లెక్కచేయలేదు. బానిసలు స్వేచ్ఛ తెచ్చుకున్నది అన్యాయపు చట్టం పైనుంచో కిందనుంచో మధ్యనుంచో దూరి వచ్చే కదా, స్త్రీలూ అలాగే తెచ్చుకోవాలి, నేను తెచ్చుకున్నాను అన్నది. నూరు డాలర్ల జరిమానా వేశాడు. ఒక్క డాలరు కట్టనంది, కట్టలేదు. హేరియట్ టబ్‌మన్ చీకట్లో నడిచిన దారే ఈ కోర్టు గదిలోకి వచ్చి పడింది. నాలుగు రోజులుగా నేను వెతుకుతున్నది ఈ వాక్యమే.

వారి ఓట్లు తీసుకున్న ముగ్గురు ఎన్నికల ఉద్యోగులకూ 25 డాలర్ల చొప్పున జరిమానా పడింది. కట్టకపోవడంతో 1874లో వారిలో కొందరు జైలుకు వెళ్లారు. ఓటు వేసిన ఆడవాళ్లు వారికి జైలుకు భోజనాలు మోసుకెళ్లారు. అధ్యక్షుడు గ్రాంట్ క్షమాభిక్ష పెట్టాక విడుదలయ్యారు.

మధ్యాహ్నం నల్ల ద్రాక్షపళ్లతో చేసే ‘పై’ అనే తీపి వంటకం ముక్క తిన్నాం, 6 డాలర్లు. కొంచెం వగరు, మిగతాదంతా తీపి. పెద్దమ్మ కోసం స్ట్రాబెర్రీ జాము సీసా ఒకటి కొన్నాను.

జూన్ 29, శనివారం: తెనాలి

పెద్దమ్మకు ఎనభై ఎనిమిదేళ్లు. జాము చెంచాతో రుచి చూసి, పులుపు చాలదంది. అమ్మమ్మ సంగతి అడిగాను.

"పేర్లు రాసుకునేవాడు వచ్చాడు. అమ్మ తలుపు చాటునుంచి రాలేదు. పక్కింటాయన ఫలానా వారి భార్య అని చెప్పాడు. తీసేశారు. ఓట్ల రోజున నాన్న ఒక్కడే వెళ్లొచ్చాడు. అమ్మ ఆ పూట అన్నం తినలేదు."

"మరి ఆ తర్వాత?"

"మళ్లీ రాయడానికి వచ్చినప్పుడు అరుగు మీదికి తానే వచ్చి నిలబడింది. పేరు చెప్పింది. ఇంటిపేరు అడిగితే ముందు పుట్టింటిది చెప్పి, తర్వాత మా ఇంటిది చెప్పింది. యాభై ఏడులో వేసింది ఓటు. వేలికి సిరా చుక్క పెట్టారు కదా, అది చెరిగిపోతుందని వారం రోజులు ఆ చేత్తో అంట్లు తోమలేదు. నేనే తోమాను."